కుక్కకు రెండు భాషలూ వచ్చు.. మనకే దాని భాష రాదు

బళ్లారి కౌల్‌బజార్‌లో పొద్దున్నే ఏ టీకొట్టు దగ్గరైనా పది నిమిషాలు నిలబడితే ఓ తమాషా కనిపిస్తుంది. బల్ల కింద ముడుచుకు పడుకున్న వీధికుక్కను ఒకాయన 'రా రా' అని పిలుస్తాడు. తోకాడిస్తూ వెళ్తుంది. బన్ను ముక్క అయిపోయేలోగా పక్క బల్ల మీంచి ఇంకొకాయన 'బా ఇల్లి' అంటాడు. అక్కడికీ వెళ్తుంది. హోసూరు కుక్కలకు 'రా' అనేవాళ్లున్నారు, 'వా' అనేవాళ్లున్నారు. రాయగడలో 'రా', 'ఆ'. సిరొంచలో 'రా', 'యే'. పొమ్మనే విషయంలో మాత్రం హోసూరు కుక్కలకు కాస్త వెసులుబాటు ఉంది. తెలుగు 'పో', తమిళ 'పో' ఒకటే కాబట్టి ఒక్క మాట నేర్చుకుంటే సరిపోతుంది.

ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష అంటూ పిల్లలతో కుస్తీ పట్టే తల్లిదండ్రులకు ఇది చూస్తే నవ్వొస్తుంది. మా వాడికి రానిది దీనికెలా వచ్చిందబ్బా అనుకుంటారు. ఇంతకీ దానికి నిజంగా రెండు భాషలూ అర్థమవుతున్నాయా, లేక చేతిలోని బన్ను ముక్క అర్థమవుతోందా?

వినడానికి ఇది కాలక్షేపం కబురులా ఉంటుంది. కానీ వీధికుక్కల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రోజులివి. ఒకవైపు కాటుకు గురైన పిల్లల తల్లిదండ్రులు, ఇంకోవైపు జంతుప్రేమికులు. ఇద్దరి మధ్యా నలిగేది మున్సిపాలిటీ. ఇంత గొడవలోనూ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ కుక్క మనల్ని చూసి ఏమనుకుంటోంది? మన మాట, మన చెయ్యి, మన ముఖం దానికి ఎలా కనబడుతున్నాయి? దీనికి జవాబు కొంతవరకు దొరికింది. ఆ జవాబు తెలిస్తే మున్సిపాలిటీ లారీ ఎటు వెళ్లాలో, బడిపిల్లకు ఏం చెప్పాలో కూడా తెలుస్తుంది.

రా.. బా.. వా..

లారా క్వాయా అనే శాస్త్రవేత్త మెక్సికో నుంచి హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌కు మకాం మార్చారు. వెంట కున్‌కున్ అనే తన కుక్కనూ తెచ్చుకున్నారు. అప్పటిదాకా దానితో మాట్లాడింది స్పానిష్ భాషే. ఇక్కడ వీధిలో, పార్కులో ఎటు చూసినా హంగేరియన్. చుట్టూ భాష మారిందన్న సంగతి దీనికి తెలిసిందా అని ఆమెకు అనుమానం వచ్చింది. పొట్టకూటికి ఊరు మారిన ఏ తెలుగు ఇంట్లోనైనా రాగల అనుమానమే.

ఆమె, సహచరులు కలిసి 18 కుక్కలకు స్కానింగ్ యంత్రంలో కదలకుండా పడుకోవడం నేర్పించారు. 'లిటిల్ ప్రిన్స్' కథను స్పానిష్‌లోనూ, హంగేరియన్‌లోనూ చదివి వినిపిస్తూ వాటి మెదళ్లను పరిశీలించారు. 2022లో ఫలితాలు వెల్లడించారు. అలవాటైన భాష వింటే మెదడులో ఒక తీరు, కొత్త భాష వింటే ఇంకో తీరు కనిపించింది. కుక్క వయసు ఎక్కువైన కొద్దీ ఆ తేడా మరింత స్పష్టంగా ఉంది. అంటే ఏళ్ల తరబడి మన మాటలు వినీ వినీ, ఇది మనింటి భాష, ఇది కాదు అని గుర్తుపడుతోందన్నమాట. కథ అర్థమైందని కాదు. పక్కింట్లో అరవం మాట్లాడుతుంటే అర్థం తెలియకపోయినా అరవమని మనకు తెలుస్తుంది కదా, అలాంటిదే.

మరి మాటల సంగతి? అమెరికాలో ఛేజర్ అనే బోర్డర్ కోలీ జాతి కుక్క ఉండేది. జాన్ పిల్లే అనే రిటైర్డ్ ప్రొఫెసర్ దానికి రోజూ గంటల తరబడి పాఠాలు చెప్పి 1,022 బొమ్మల పేర్లు నేర్పారు. ఏ బొమ్మ పేరు చెబితే ఆ బొమ్మను నోట కరుచుకొచ్చేది. 2011లో ఆ వివరాలు ప్రచురితమయ్యాయి. 2019లో ఛేజర్ చనిపోయింది. అన్ని కుక్కలూ ఛేజర్లు కావు, అందరు యజమానులూ పిల్లేలు కారు. కెనడాలో 165 మంది పెంపకందార్లను అడిగి 2022లో లెక్క తీస్తే, వాళ్లు చెప్పినదాని ప్రకారం సగటున ఒక్కో కుక్కకు 89 మాటలు తెలుసు. సొంత కుక్క గురించి యజమానులు చెప్పే లెక్క కాబట్టి కాస్త తగ్గించుకుని చదువుకోవాలి.

ఇక్కడే ఓ మెలిక ఉంది. 2020లో అదే బుడాపెస్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు కుక్కల తలకు తీగలు అతికించి మాటలు వినిపించారు. తెలిసిన మాటకూ, దానితో ఏ పోలికా లేని పిచ్చి మాటకూ తేడా పట్టుకున్నాయి. తెలిసిన మాటలో ఒక్క శబ్దం మార్చి పలికితే మాత్రం తేడా పట్టలేకపోయాయి. ఇప్పుడు మన టీకొట్టుకు వద్దాం. రా, బా, వా, ఆ. నాలుగింటికీ చివర వినిపించేది ఒకే దీర్ఘం. మనం నాలుగు భాషలనుకుంటున్నాం గానీ, కుక్క చెవికి అవి ఒకే మాటగా వినిపిస్తున్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. సిరొంచ కుక్కకు మాత్రం 'యే' అని వేరే మాట నేర్చుకునే భారం తప్పలేదు.

మాట ఒక్కటే కాదు, అన్న తీరు కూడా కావాలి. 2016లో అట్టిలా ఆండిక్స్ బృందం 13 కుక్కలకు మెచ్చుకునే మాటలను మెచ్చుకోలు గొంతుతో ఒకసారి, చప్పిడి గొంతుతో ఇంకోసారి వినిపించింది. అర్థంపర్థం లేని మాటలను మెచ్చుకోలు గొంతుతోనూ వినిపించింది. మెదడులో సంతోషం పుట్టే చోటు చురుకైంది ఒక్క సందర్భంలోనే. మాటా మంచిదై, గొంతూ మంచిదైనప్పుడు. ఫోన్ చూసుకుంటూ 'సరే సరే, మంచి కుక్కవి' అంటే దానికి ఆనదు. ఇంట్లో ఆడవాళ్లు ఈ సంగతి ఏనాడో కనిపెట్టారు. మొగుడు ఫోన్ చూస్తూ 'కూర బాగుంది' అన్నా అంతే కదా.

ఎవరూ నేర్పని చదువు

మాటల కన్నా కుక్కకు బాగా పట్టుబడింది మన చెయ్యి. అదుగో అని వేలు చూపిస్తే అటు చూస్తుంది. ఇందులో వింతేముంది అనిపించొచ్చు. మనకు దగ్గరి చుట్టం అనదగ్గ చింపాంజీ ఈ పనిలో తడబడుతుంది. 1998 నుంచి హంగేరీ, అమెరికా శాస్త్రవేత్తలు దీనిమీద పరీక్షలు చేస్తూనే ఉన్నారు. తోడేలు పిల్లలను చిన్నప్పటి నుంచి ఇంట్లో పెంచి, కుక్కలతో పోల్చి చూశారు. మూత రాని డబ్బాలో మాంసం పెడితే తోడేలు చివరిదాకా డబ్బాతోనే పెనుగులాడింది. కుక్క కాసేపు ప్రయత్నించి, వెనక్కి తిరిగి మనిషి ముఖంలోకి చూసింది. కాస్త తీసిపెట్టవా అన్నట్టు. మనిషితో సుమారు 15 వేల ఏళ్లు కలిసి బతికిన జంతువుకు వచ్చిన చూపు అది.

అవన్నీ సోఫాల మీద పెరిగిన విదేశీ కుక్కలు, మన వీధికుక్కల సంగతి వేరనే వాళ్లున్నారు. వాళ్లకు జవాబు మన దేశంలోనే దొరికింది. కోల్‌కతాలోని ఐసర్ సంస్థలో అనిందిత భద్ర బృందం ఏళ్ల తరబడి వీధికుక్కల మీదే పనిచేస్తోంది. వేర్వేరు నగరాల్లో ఒంటరిగా తిరిగే 160 కుక్కల ముందు రెండు గిన్నెలు పెట్టి, ఒకదాని వైపు వేలు చూపించారు. 2020లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం సుమారు సగం కుక్కలు దగ్గరికే రాలేదు. వచ్చినవాటిలో దాదాపు 80 శాతం వేలు చూపిన గిన్నె దగ్గరికే వెళ్లాయి. వాటికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. సంత వీధిలో, బస్టాండు మూల, మాంసం కొట్టు ముందు నిలబడి మనల్ని చూసి నేర్చుకున్న చదువది.

దగ్గరికి రాని ఆ సగం సంగతి కూడా ఆలోచించాలి. అవి తెలివి తక్కువవి కాదు, ఎక్కువ భయపడినవి. మనిషి చెయ్యి లేచిందంటే రాయి పడుతుందని నేర్చుకున్న కుక్కకు, బిస్కెట్ పెట్టే చెయ్యీ అలాగే కనబడుతుంది. అదే బృందం 2017లో ఇంకో సంగతి చెప్పింది. ముక్కూమొహం తెలియని మనిషి రోజూ వచ్చి తిండి పెట్టడం కన్నా, రోజూ వచ్చి తల నిమరడమే వీధికుక్కకు ఆ మనిషి మీద ఎక్కువ నమ్మకం కలిగిస్తుందట. వీధికుక్క తిండికి మాత్రమే తోకాడిస్తుందన్న మన నమ్మకానికి ఇది చెంపపెట్టే.

చెయ్యి గురించి మాట్లాడుతూ రాజపాళయం గుర్తుచేసుకోకుండా ఉండలేం. తమిళనాడు విరుదునగర్ జిల్లాలోని ఆ ఊరు తరతరాల కిందట తెలుగునేల నుంచి వెళ్లి స్థిరపడిన రాజులకు పేరుపడ్డ ఊరు. ఆ ఊరి పేరే అక్కడి కుక్క జాతికీ వచ్చింది. పాల తెలుపు ఒళ్లు, గులాబీ రంగు ముక్కు. 2005 జనవరిలో తపాలా శాఖ నాలుగు దేశవాళీ కుక్కల మీద స్టాంపులు వేస్తే, కర్ణాటక ముధోళ్ కుక్కతో పాటు రాజపాళయానికీ చోటు దక్కింది. ఈ తెల్ల కుక్కల్లో పుట్టుచెవుడు ఎక్కువ. ఒంటికి రంగు లేకపోవడానికీ, చెవుడుకీ సంబంధం ఉంది. అలాంటి చెవిటి కుక్కకు మాటతో పనిలేదు. చెయ్యి, ముఖం చూసి నేర్చుకోవాల్సిందే, నేర్పేవాళ్లూ వాటితోనే నేర్పాలి. పిలిస్తే పలకడం లేదు, పొగరు అనుకుని కొట్టే ముందు దానికి వినబడుతోందో లేదో చూసుకోవాలి.

ఇటు కర్ణాటకలో కుక్కకు పూజ జరిపించిన రాయే ఉంది. మండ్య జిల్లా ఆతకూరు శాసనం పదో శతాబ్దం నాటిది. యుద్ధంలో పరాక్రమం చూపిన మణలరను ఏం కావాలో కోరుకోమంటే, కాళి అనే వేటకుక్కను ఇమ్మన్నాడట. ఆ కాళి అడవిపందితో పోరాడి, దాన్ని చంపి తానూ చచ్చిపోయింది. దాని పేర రాయి నిలిపి, పూజకు భూమి కూడా ఇచ్చారు. వెయ్యేళ్ల కిందటి మనిషికి కుక్క విలువ తెలిసినట్టే ఉంది.

ఆ దొంగ చూపు

చెప్పు కొరికేసిన కుక్కను ఎవరైనా చూసే ఉంటారు. యజమాని గుమ్మంలో అడుగుపెట్టగానే చెవులు వెనక్కి వాల్చి, తోక కాళ్ల మధ్య పెట్టుకుని, ఓరగా చూస్తుంది. 'చూశారా, తప్పు చేశానని దానికీ తెలుసు' అంటారు. అమెరికాలో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో దీన్ని పరీక్షించారు. 14 కుక్కల ముందు తినకూడదని చెప్పి ఓ తినుబండారం పెట్టి యజమానిని బయటికి పంపారు. కొన్నిసార్లు కుక్క తినకపోయినా తిన్నదని యజమానికి చెప్పారు. ఆయన లోపలికొచ్చి తిట్టాడు. దొంగ చూపు వచ్చింది. తిన్న కుక్క, తినని కుక్క అన్న తేడా లేదు. తిడితే వచ్చింది, తిట్టకపోతే రాలేదు. తప్పేమీ చేయకుండా తిట్లు తిన్న కుక్కల్లోనే ఆ చూపు మరీ ఎక్కువగా కనిపించింది.

అంటే ఆ చూపు పశ్చాత్తాపం కాదు. మన కోపాన్ని చదివి 'కొట్టకు' అని వేడుకోవడం. మధ్యాహ్నం చేసిన పనికి సాయంత్రం కొడితే, చెప్పు కొరకడం తప్పని అది నేర్చుకోదు. మీరు ఇంటికొస్తే దెబ్బలు పడతాయని నేర్చుకుంటుంది.

మన ముఖమే కాదు, ఒంటి వాసన కూడా చదువుతుంది. 2022లో బెల్‌ఫాస్ట్ క్వీన్స్ విశ్వవిద్యాలయం వాళ్లు కొందరితో గబగబా నోటి లెక్కలు చేయించి, ఆ కంగారుకు ముందూ తర్వాతా వాళ్ల చెమట, ఊపిరి నమూనాలు తీసుకున్నారు. నాలుగు కుక్కలకు వాసన చూపిస్తే, నూటికి 93 సార్లకు పైగా కంగారు నమూనాను పట్టేశాయి. భయపడితే కుక్కకు తెలిసిపోతుందని మన పెద్దవాళ్లు అనే మాటలో నిజముంది. ఆ తర్వాతిదే తప్పు. భయం వాసన తగిలిన కుక్క మీద పడి కరుస్తుందనుకుంటాం. 2018లో ఇటలీలో చేసిన పరీక్షలో భయం చెమట వాసన చూసిన కుక్కలు తామూ కంగారుపడ్డాయి, గుండె వేగం పెరిగింది, యజమాని పంచన చేరాయి. మన భయం దానికీ అంటుకుంటుంది. ఇద్దరూ భయపడ్డ చోట ఏం జరుగుతుందో వేరే చెప్పాలా?

చిత్తుకాగితాలు ఏరుకునేవాళ్లను చూసి కుక్కలు వెంటపడి మొరుగుతాయి. భుజాన సంచి ఉంటే చాలు. దీనికి కుక్కను తిట్టుకుంటాం. ఇటలీలోనే 2012లో చేసిన ఇంకో పరీక్ష ఉంది. రిబ్బన్లు కట్టిన ఫ్యాను లాంటి కొత్త వస్తువు కనబడితే కుక్క ముందు యజమాని ముఖం చూస్తుంది. ఆయన నవ్వుతూ ఉంటే దగ్గరికి వెళ్తుంది, బెదిరితే వెనక్కి తగ్గుతుంది. మరి సంచివాడు వీధిలోకి వచ్చినప్పుడు మన ముఖాలు ఎలా ఉంటున్నాయి? 'ఏయ్, ఎవడ్రా నువ్వు' అని గదమాయించేది ఎవరు? ఎవరు మనవాళ్లో, ఎవరు కాదో కుక్క సొంతంగా తీర్మానించుకోలేదు. వీధి ముఖం చూసి నేర్చుకుంది.

మూగజీవి కాదు

మనం కుక్కను మూగజీవి అంటాం. అంత మాట్లాడే జంతువు ఇంకోటి లేదు. మనకు వినే తీరిక లేదంతే. దీనికి మూల్యం చెల్లిస్తున్నది పిల్లలు.

ముందుగా ఒక సామెతను పక్కన పెట్టాలి. మొరిగే కుక్క కరవదట. ఎవరు పుట్టించారో గానీ, పిల్లల ముందు అనకూడని సామెత. మొరిగే కుక్క కరుస్తుంది. గుర్రుమనే కుక్క ఇంకా కరుస్తుంది. కాకపోతే ముందుగా చెప్పి మరీ కరుస్తుంది. ఒళ్లు బిగదీసుకోవడం, పెదవులు నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, ముఖం పక్కకు తిప్పుకుని తెల్లగుడ్డు కనబడేలా చూడటం.. ఇవన్నీ 'నన్ను వదిలెయ్' అనే మాటలు. తోక ఊపుతోందంటే సంతోషమేనని కూడా అనుకోవద్దు. ఒళ్లంతా వదులుగా ఊగుతూ ఆడే తోక వేరు, కర్రలా నిలబెట్టి కొసను మాత్రమే ఆడించే తోక వేరు. గుర్రుమన్నందుకు కొట్టే యజమానులున్నారు. అలా కొట్టి కొట్టి గుర్రుమనడం మాన్పిస్తారు. తర్వాత ఆ కుక్క చెప్పకుండానే కరుస్తుంది.

పెద్దవాళ్లు చంటిపిల్లను తెచ్చి పెంపుడు కుక్క మెడ కౌగిలించుకోమని ఫొటో తీస్తారు. కౌగిలి మనుషుల ముద్దు ముచ్చట. కుక్కకు అది మెడ మీద పడ్డ ఉచ్చు. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు, పిల్లలతో ఉన్నప్పుడు దాని జోలికి వెళ్లకూడదని ప్రతి బడిలో మొదటి తరగతిలోనే చెప్పాలి. వీధిలో కుక్క ఎదురుపడితే పరుగెత్తకూడదు, అరవకూడదు, కళ్లలోకి చూడకూడదు. చేతులు ఒంటికి ఆనించుకుని, నేల చూస్తూ చెట్టులా నిలబడాలి. ఆసక్తి చచ్చి అదే వెళ్లిపోతుంది. బైకు వెంటపడే కుక్కకూ ఇదే మందు. వేగం పెంచితే వేట మొదలవుతుంది, తగ్గిస్తే వేట చప్పబడుతుంది. రాత్రి షిఫ్టు దిగి హోసూరు పారిశ్రామికవాడ నుంచి ఇళ్లకు వెళ్లే కుర్రాళ్లకు ఎవరైనా ఈ ఒక్క ముక్క చెబితే బాగుణ్ను.

ఇవన్నీ చెప్పి, అన్ని కాట్లకూ మనిషిదే తప్పు అనడం అన్యాయం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుణ్ని వీధికుక్కలు చుట్టుముట్టి చంపేశాయి. ఒంటరి కుక్క వేరు, గుంపు వేరు. గుంపులో ఉన్న కుక్క మనిషి ముఖం చూడదు, పక్క కుక్కను చూస్తుంది. ఆ పసివాడికి చెట్టులా నిలబడమని చెప్పి ఉంటే బతికేవాడని అనేవాళ్లకు కనికరం లేదనుకోవాలి. గుంపులు తయారవకుండా చూడటం పసివాడి పని కాదు, పాలకుల పని. చెత్తకుప్పలు, మాంసం వ్యర్థాలు రోడ్డు పక్కన పోసినంత కాలం గుంపులు తయారవుతూనే ఉంటాయి.

లారీ ఎక్కించి పొలిమేర దాటిస్తే..

సరిహద్దు ఊళ్లలో తరచూ వినబడే ఫిర్యాదు ఒకటుంది. రాత్రికి రాత్రి ఎవరో లారీలో కుక్కలను తెచ్చి మా పొలిమేరలో వదిలేశారు అని. ఈ ఊరివాళ్లు ఆ ఊరి మీద, ఆ ఊరివాళ్లు ఈ ఊరి మీద చెబుతారు. మధ్యలో రాష్ట్రం గీత ఉండటంతో ఎవరిని అడగాలో తెలియదు. కుక్కలకు ఓటు లేదు, రేషన్ కార్డు లేదు, ఏ రాష్ట్రపు కుక్కో తేల్చేదెవరు?

ఇది చట్టానికి విరుద్ధం. 2001లో వచ్చి, 2023లో మారిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్, టీకా చేసి పట్టుకున్న చోటే వదలాలి. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న ఢిల్లీ పరిసరాల్లో వీధికుక్కలన్నింటినీ షెల్టర్లకు తరలించమంది. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆగస్టు 22న దాన్ని సవరించింది. రేబిస్ సోకినవి, దాడిచేసే స్వభావం ఉన్నవి తప్ప మిగతా వాటిని టీకా వేసి అదే ప్రాంతంలో వదలాలని చెప్పింది. తిండి పెట్టడానికి వేరే చోట్లు కేటాయించమంది. నవంబర్ 7న బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల నుంచి తొలగించిన కుక్కలను తిరిగి అక్కడ వదలొద్దని ఆదేశించింది. షెల్టర్‌కు పంపమంది గానీ, పక్క ఊళ్లో పారబోయమని ఏ కోర్టూ చెప్పలేదు.

చట్టం మాట అటుంచి, ఇంతసేపూ చెప్పుకొన్నది గుర్తుచేసుకుంటే ఆ పని ఎంత తెలివితక్కువదో తెలుస్తుంది. వీధికుక్క చదువంతా ఒక వీధి చదువు. ఏ ఇంటావిడ అన్నం పెడుతుంది, ఏ పిల్లవాడు రాయి విసురుతాడు, పాలవాడి సైకిల్ గంట ఏది.. ఇదంతా దాని తలలో ఉంటుంది. ఆ వీధివాళ్లకూ అది తెలుసు. దాన్ని తెలియని ఊళ్లో పడేస్తే ఆ చదువంతా ఒక్క రాత్రిలో చెల్లని నోటైపోతుంది. ప్రతి ముఖం కొత్తది, ప్రతి చెయ్యి అనుమానమే. అక్కడి కుక్కలు తరుముతాయి, ఇది భయపడి పళ్లు చూపుతుంది. ఇటు ఖాళీ అయిన వీధిలోకి, ఆపరేషన్ కాని, టీకా పడని కొత్త కుక్కలు వచ్చి చేరతాయి. లారీ డీజిల్ ఖర్చుతో రెండు ఊళ్లకూ తంటా తెచ్చిపెట్టినట్టు.

రెండు వైపుల మున్సిపాలిటీలూ కూర్చుని మాట్లాడుకుంటే ఒకే ఆపరేషన్ కేంద్రాన్ని కలిసి నడుపుకోవచ్చు. నీళ్ల కోసం, ఇసుక కోసం కూర్చుంటున్నారు కదా. ఒకవైపు టీకాలు వేసి, గీతకు అటువైపు వదిలేస్తే ఉపయోగం లేదు. రేబిస్ క్రిమికి చెక్‌పోస్టు అడ్డం రాదు.

రేబిస్ మాట ఎత్తాక ఇంకో సంగతి. ప్రపంచంలో రేబిస్ చావుల్లో సుమారు 36 శాతం మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన దేశంలో నమోదయ్యే రేబిస్ కేసుల్లో 30 నుంచి 60 శాతం దాకా 15 ఏళ్లలోపు పిల్లలేనని కూడా అదే సంస్థ అంటోంది. కారణం, పిల్లలు కాటు సంగతి ఇంట్లో చెప్పరు. కుక్క జోలికి ఎందుకెళ్లావని తంతారేమోనని భయం. తిడతామేమోనని కుక్క దొంగ చూపు చూస్తుందని ఇందాక చెప్పుకొన్నాం. అదే భయంతో పిల్లాడు చొక్కా చేతిని కిందికి లాక్కుని గీరును దాచేస్తాడు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికించడం దాదాపు అసాధ్యం.

బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లంటూ ఇప్పటికీ పిల్లలను బెదిరించే నానమ్మలున్నారు. ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004తోనే ఆగిపోయింది. చేతికి వేసే నాలుగు దఫాల టీకా ఇప్పుడున్నది. కాటు పడిన రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. గాయం లోతుగా ఉంటే దానితో పాటు ఇమ్యూనోగ్లోబులిన్ అనే మందు గాయంలోకి, దాని చుట్టూ ఎక్కిస్తారు. అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఇంట్లోనే, సబ్బు పెట్టి 15 నిమిషాలు పారే నీళ్ల కింద కడగడం. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు.

ఈ నాలుగు ముక్కలు సర్కారు ఆస్పత్రుల గోడల మీద రాయాలి. బళ్లారిలో కన్నడంలో, హోసూరులో తమిళంలో, రాయగడలో ఒడియాలో, సిరొంచలో మరాఠీలో రాస్తారు, రాయాల్సిందే. యానాంలో తెలుగు వాడుకలో ఉంది కాబట్టి ఆ బాధ లేదు. మిగతా చోట్ల, కాటు పడిన పిల్లాణ్ని చంకనేసుకుని వచ్చే తెలుగు తల్లికి ఆ అక్షరాలు రాకపోతే? రాష్ట్ర భాషలో రాసిన దాని కిందే తెలుగులో ఇంకో నాలుగు వరుసలు రాయించడానికి పెయింటరు కూలి ఎంతవుతుందో, ఒక్క డోసు ఇమ్యూనోగ్లోబులిన్ ఖరీదెంతో స్థానిక సంఘాల సభ్యులు వచ్చే సమావేశంలో అడిగితే బాగుంటుంది.